డబ్బిచ్చి కొన్న పువ్వు

దేవుడికోసం కోసే పూలకు దొంగతనం అంటదని మా నాయనమ్మ అనేది. ఆ మాట పట్టుకుని చిన్నప్పుడు నేను తెల్లారగట్లే లేచి, ఎవరి ప్రహరీ మీంచి నందివర్ధనం వంగి కనిపిస్తే వాళ్ళ పూలన్నీ సజ్జలో వేసుకునేవాణ్ణి. ఇంటివాళ్ళు లేచేసరికి స్నానం చేసి, విభూతి పెట్టుకుని బుద్ధిమంతుణ్ణయిపోయేవాణ్ణి. డెబ్బై రెండేళ్ళొచ్చాక ఆ పేచీ మళ్ళీ నా ముందుకొస్తుందని, అదీ కెనడాలో వస్తుందని ఎవరనుకున్నారు?

మా అమ్మాయి కాపురం అంటారియో రాష్ట్రంలో. పోయినేడు మే నెలలో నేనూ, మా ఆవిడా వెళ్ళాం. వాళ్ళ వూరి పక్కనే మేపుల్ చెట్ల అడవి. చెట్లకింకా ఆకు పట్టలేదు గాని, నేలంతా ఎవరో ముగ్గుపిండి ఒలకబోసినట్టు తెల్లటి పూలు. ట్రిలియం అంటారట. మూడాకులు, వాటిమీద మూడు పచ్చ రెక్కలు, ఆపైన మూడు తెల్ల రేకులు. "మారేడు దళానికి పువ్వు పూసినట్టుందండీ" అంది మా ఆవిడ. 1937 నుంచీ అది అంటారియో రాష్ట్ర పుష్పం. పై చెట్లు చిగిర్చి నీడ కమ్మేలోగా నాలుగు వారాల ఎండ తాగి పూసేస్తుంది. మిగతా బతుకంతా నీడలోనే.

అలవాటు చొప్పున చెయ్యి చాచాను. మా పక్కింటావిడ, అరవై దాటిన మనిషి, గబుక్కున ఆపింది. నందివర్ధనం సంగతి వేరు, ఇవాళ కోస్తే రేపు పూస్తుంది. దీనికి వున్నవే ఆ మూడాకులు. పువ్వుతోబాటు అవీ తెగితే ఆ ఏటికి తిండి లేదు. తేరుకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది. దీన్ని కోస్తే నేరమని అక్కడ చాలామంది నమ్మకం. నిజానికి పార్కుల్లాంటి చోట్ల తప్పిస్తే ప్రత్యేకంగా అలాంటి చట్టమేదీ లేదు. లేని చట్టానికి జడిసేవాళ్ళని అక్కడే చూశాను. వున్న చట్టానికే జడవని వూరినుంచి వెళ్ళినవాణ్ణేమో, ముచ్చటేసింది.

ఆ వారమే మా అమ్మాయి శనివారం సంతలో రెండు ట్రిలియం కుండీలు కొనుక్కొచ్చింది. నిండుగా పూసి వున్నాయి. ఒక్కోటి రెండు కాఫీల ఖరీదు. పెరట్లో మేపుల్ చెట్టు కింద, ఆకు కుళ్ళి మెత్తబడ్డ మట్టిలో, నేనే స్వయంగా పాతాను. మర్నాడు పక్కింటావిడ కంచె మీంచి చూసి, ఎంతకు కొన్నారని అడిగింది. చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, లెక్క చెప్పిందంతే. గింజ పడ్డాక మొదటి చలికాలం దాటితే వేరొస్తుంది. రెండోది దాటితే ఆకు పైకొస్తుంది. ఒంటి ఆకుతో కొన్నాళ్ళు, మూడాకులతో కొన్నాళ్ళు. పూసేసరికి ఏడేళ్ళో, పదేళ్ళో. అన్నేళ్ళు సాకినవాడు రెండు కాఫీలకు అమ్ముతాడా?

అంటే ఎవరో గునపం పట్టుకుని అడవికి వెళ్ళారన్నమాట.

"మనం తవ్వలేదుగా మామయ్యగారూ, డబ్బిచ్చి కొన్నాం" అన్నాడు మా అల్లుడు. మా నాయనమ్మే మీసాలు పెట్టుకుని మాట్లాడినట్టుంది నాకు. ఆవిడకు దేవుడు అడ్డం, ఇతనికి డబ్బు అడ్డం. అలాగని కాదనడానికీ నోరు రాలేదు. కొనేటప్పుడు పక్కనుండి "భలే చవగ్గా దొరికాయే" అన్నవాణ్ణి నేనే.

"తిరిగి అడవిలో పెట్టేద్దాం నాన్నా" అంది అమ్మాయి. ఏ అడవిలో? మళ్ళీ పెకలిస్తే వేరు బతకదు. అమ్మినవాడికిచ్చేస్తే ఇంకొకరికి అమ్ముతాడు. దొంగసొత్తు సొంతదారుకి చేర్చాలంటారు, ఆ సొంతదారు ఎవరో తెలియనప్పుడు? నాకు తోచిందొక్కటే: వీటిని మన పువ్వులని మురిసిపోకుండా, ఎవరో దాచమని ఇచ్చిన సొమ్ములా చూసుకోవాలి. బాకీ తీరిపోయిందని మాత్రం అనుకోకూడదు. మీరైతే ఏం చేసేవారు?

వేసవంతా మట్టి ఆరకుండా నీళ్ళు పోశాను. జింకలు మేసిపోకుండా చుట్టూ వల కట్టాం. ఆకులు పసుపుబారితే చీడేమోనని తుంచబోయింది మా ఆవిడ. అదలా వాడిపోవాల్సిందే, వేసవి చివర వాటి తీరే అంత. ఒక మొక్క కాయ కాసింది. గింజ కొసన చీమలకిష్టమైన కొవ్వు ముక్క వుంటుంది. చీమలు గింజను మోసుకుపోయి, ఆ ముక్క తిని, మిగతాది పుట్ట చెత్తలో పారేస్తాయి. మొక్క అక్కడ మొలుస్తుంది. మా అల్లుడు చీమల మందు కొనితెచ్చి వుంచాడు. దాన్ని నేను అటక మీదికి ఎక్కించాను. వంటింట్లోకి చీమలొచ్చినప్పుడల్లా అతను నావైపు అదోలా చూసేవాడు. ఆ గింజలు ఎప్పుడు పూస్తాయో, అప్పటికి నాకెన్నేళ్ళో లెక్క వెయ్యబోయి సగంలో మానేశాను.

ఈ మే నెలలో అమ్మాయి ఫోన్ చేసింది. రెండూ లేచాయట. మూడేసి ఆకులే, పువ్వు లేదు. శనివారం సంతలో అతను మళ్ళీ అవే కుండీలు పెట్టాడట. ఎక్కడివని అడిగిందట మా అమ్మాయి. మా తోటలోవేనన్నాడట. ఇది కొనకుండా వచ్చేస్తుంటే, వెనకనున్నావిడ రెండు తీసుకుందట.