శపించే కీర్తనలు

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. కాని గురువులు, మఠకన్యలు ప్రతిదినము జపించే ప్రార్థన పుస్తకంలో అవన్నీ లేవు. ఆరవ పౌలు పోపుగారి కాలంలో, 1971లో వెలువడిన సవరణలో 58, 83, 109 కీర్తనలను పూర్తిగా విడిచిపెట్టారు. మరికొన్నింటిలో కొన్ని చరణాలు తీసివేశారు. తీసివేసింది ప్రార్థన పుస్తకం నుండే, పవిత్ర గ్రంథం నుండి కాదు సుమా! ఆ శాపపు మాటలు జపించేవారి మనసుకు కష్టం కలిగిస్తాయని వారు ఆలోచించారు.

58వ కీర్తన చదివితే ఆ కష్టం తెలుస్తుంది. దుష్టుల కోరలు ఊడగొట్టమని, వారు ఇంకిపోయే నీరువలె, కరిగిపోయే నత్తవలె కావాలని కీర్తనకారుడు దేవుని అడుగుతాడు. నీతిమంతుడు వారి నెత్తుటిలో పాదాలు కడుగుకొంటాడని కూడా అంటాడు. దీనిని చిన్నపిల్లలకు నేర్పమంటే నేనూ వెనుకాడతాను.

అయితే ఆ కోపం ఎవరిమీద? పొరుగువాడిమీద కాదు. తీర్పు చెప్పవలసిన స్థానంలో కూర్చుండి, న్యాయానికి బదులు దౌర్జన్యాన్ని తూచి ఇచ్చేవారిమీద. పాములవాని నాదస్వరానికి చెవి మూసుకొన్న నాగుపామువంటి వారు వీరు. పేదవాడి మొర వారికి వినబడదు. భూమిమీద న్యాయస్థానం మూసుకుపోయినప్పుడు పుట్టిన ప్రార్థన ఇది.

మన పల్లెల్లోనూ పొలం గట్టు జరిపినవాణ్ణి, కూలి ఎగవేసినవాణ్ణి పేదవాడు కోర్టుకు ఈడ్చలేడు. "నా ఉసురు తగలకపోదు" అని దుమ్మెత్తి పోస్తాడు. ఆ తరువాత, "పాపం చేశానా ఫాదర్ గారూ?" అని భయపడుతూ వస్తాడు. క్షమించెయ్యి నాయనా అని పంపివేయడం మాకు సులభమే. నష్టపోయింది మేము కాదు కదా! ముందు అతని మొర దేవుని ఎదుట పెట్టనివ్వాలి. క్షమాపణ అక్కడినుండి మొదలుకావచ్చు. ఈ కీర్తన చదివే మనం ఏ ప్రక్కన నిలిచామో కూడా చూచుకోవాలి. త్రాసు మన చేతిలోనే ఉందేమో!

ఈ కీర్తనకు పైన ఒక శీర్షిక ఉంది. "నాశనము చేయవద్దు" అని దాని అర్థం. బహుశా ఒక రాగం పేరు. కాని సమూవేలు మొదటి గ్రంథం 26వ అధ్యాయంలో దావీదు నోట అదే మాట వినబడుతుంది. తనను చంపడానికి వెంటాడుతున్న సౌలు రాజు దండులో నిద్రిస్తున్నాడు. తలదగ్గర ఈటె నేలలో గ్రుచ్చి ఉంది. ఒక్కపోటు చాలునన్నాడు అబీషయి. దావీదు వద్దన్నాడు. సౌలు మంచివాడని కాదు. ప్రభువే అతనిని మొత్తుతాడు, లేక అతని కాలం తీరి చనిపోతాడు, లేక యుద్ధంలో కూలుతాడు అన్నాడు. ఈటెను, నీళ్ల కూజాను తీసుకొని వెళ్లి, తరువాత ఈటెను తిరిగి ఇచ్చివేశాడు. తీర్పు అడిగినవాడు తీర్పరి పని తన చేతిలోనికి తీసుకోలేదు.

ఆ మాటే నిజమైంది. గిల్బోవ కొండమీద ఫిలిస్తీయులతో యుద్ధంలో సౌలు చనిపోయాడు. అదే దినం దావీదు ప్రాణస్నేహితుడు, సౌలు కుమారుడు యోనాతాను కూడా కూలాడు. వార్త విన్న దావీదు పండుగ చేసుకోలేదు. బట్టలు చించుకొని, సాయంకాలం వరకు ఉపవాసముండి, ఇద్దరికోసమూ విలపించాడు.