రెండవ ఇంజను ఎప్పుడు?

ఒక విద్యలో ఎంత గట్టిపడిన పిమ్మట మనుష్యుడు తదుపరి భారమును నెత్తికెత్తుకొనవలెను? పెద్దలు ఈ ప్రశ్నను వేదాంతముగా చర్చింతురు. మా ఇంటికి మాత్రము ఇది గత సంవత్సరము అప్పు రూపమున వచ్చినది.

మా తమ్ముని కుమారుడు వాణిజ్య విమాన చోదకుడగుటకు శిక్షణ పొందుచున్నాడు. మన దేశమున ఆ లైసెన్సునకు కనీసము 200 గంటలు ఎగిరియుండవలెను. అందు అధికభాగము ఒంటి ఇంజను విమానము మీదనే గడచును. మేము చిన్నతనమున జక్కూరు మైదానపు కంచె వెలుపల నిలిచి చూచిన విమానములు అట్టివే. రెండు ఇంజనుల విమానమును నడుపుటకు మల్టీ ఇంజన్ రేటింగు అను వేరొక యోగ్యత కావలెను. దాని గంట వెల చాల హెచ్చు. మావాడు 80 గంటలు ముగించి సెలవులకు వచ్చి, “పెదనాన్నా, రెండు ఇంజన్లది ఇప్పుడే చేసేస్తాను. ఆలస్యమైతే వెనుకబడిపోతాను” అనెను. తమ్ముడు హిందూపురము వద్ద మిగిలిన రెండెకరములను తాకట్టు పెట్టుటకు సిద్ధపడి, చాలని సొమ్మునకు మా వంక చూచెను.

వాని వాదమును తోసిపుచ్చుటకు వీలులేదు. రేపు వాడు నడుపగోరు విమానములన్నియు జంట ఇంజనులవే. ముందుగా ఎగిరిన ఆ గంటలును 200లో చేరును. చేతికి అలవాటు కలుగును. ఐతే మేఘములలో పరికరములను చూచి నడుపు యోగ్యతకు గడువు ఒక సంవత్సరమే. దానిని జంట ఇంజనుపై తొందరపడి ముగించుకొని, ఉద్యోగము రాక కూర్చున్నచో, మరల సొమ్ము పోసి మరల పరీక్ష ఈయవలెను. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ నిలిచిపోయినప్పుడు వేలగంటల అనుభవము గలవారే పనికై వెదకిరి గదా.

ఇదంతయు జమాఖర్చు. మేము గుమాస్తాగిరి చేసినవారము గావున మొదట అచ్చటనే ఆగితిమి. అసలు సంగతి వాడు కాగితముపై బొమ్మ గీసి చెప్పినప్పుడు తెలిసినది. ఒక ఇంజను ఆగిన రెండవది ఉన్నది గదా యని మనము ధైర్యపడుదుము. చిన్న విమానములలో ఒకటి ఆగినచో బలము సగమే పోవును గాని, పైకెక్కు శక్తి దాదాపు 80 శాతము పోవును. బాగున్న ఇంజను విమానమును చెడినదాని వైపునకు త్రిప్పివేయును. చోదకుడు ఎదురు కాలితో చుక్కానిని త్రొక్కి నిలుపవలెను. వేగము ఒక హద్దునకు దిగువకు పడినచో ఆ త్రొక్కుడు చాలక విమానము తలక్రిందులగును. అనగా అదనపు ఇంజను రక్షణయే. కాని ఆపత్తులో ఏ కాలు త్రొక్కవలెనో తడుముకొనక తెలిసినవానికి మాత్రమే.

2015 ఫిబ్రవరి 4న తైపే నగరములో ఒక ఇంజను చెడగా, బాగున్న ఇంజనును ఆపివేయుటచే ఒక ఏ.టి.ఆర్. విమానము నదిలో కూలి 43 మంది మరణించిరి. ఆ చోదకుడు వేలగంటలు ఎగిరినవాడు. శిక్షణలో ఆపత్కాల పద్ధతులయందు అతడు తడబడినట్లు విచారణ నివేదికలో కలదు. పిమ్మట పరీక్షలో నెగ్గెను. కాగితము చేతికి వచ్చెను.

ఈ మాట చదివినప్పుడు మాకు మా సంగతియే జ్ఞప్తికి వచ్చినది. మేము ఉద్యోగమున చేరిన మూడవ ఏటనే, పాతప్రశ్నలను కంఠస్థము చేసి శాఖాపరీక్షలో నెగ్గితిమి. ఒక బల్లకు బదులు రెండు బల్లల పని మాకు ఒప్పగింపబడినది. ఇంట పాయసము వండిరి. ఆ సంవత్సరమే మా చేతి తప్పు వలన ఒక వితంతువు పింఛను ఏడు నెలలు నిలిచిపోయినది. ఆమె ప్రతి సోమవారము వచ్చి బల్ల ముందర నిలుచుండెడిది. తప్పు మాదని మాకు నాలుగవ నెలకు గాని తెలియలేదు. తెలిసిన పిమ్మటను ఆమెతో చెప్పలేదు. ఆ యోగ్యత మాకు ఎవరో అన్యాయముగా ఇచ్చినది కాదు, మేమే తొందరపడి తెచ్చుకొన్నది.

అమెరికాలో, ఒంటి ఇంజను లైసెన్సు గలవాడు ఈ రేటింగును చేర్చుకొనుటకు నిర్ణీతమైన గంటల సంఖ్య లేదందురు. సిద్ధముగా నున్నాడని బోధకుడు వ్రాసియిచ్చిన పరీక్షకు పోవచ్చును. ఈ ఏర్పాటు మాకు నచ్చినది, ఒకింత భయమును కలిగించినది. భారమంతయు ఆ సంతకము మీదనే గదా! మా పై అధికారి మమ్ము ఒక్కసారి ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూచియున్నచో సంతకము చేసెడివాడా?

కావున మావానితో ఇట్లంటిమి: “సొమ్ము ఇచ్చుటకు మాకు అభ్యంతరము లేదు. నీ బోధకుని వద్దకు పోయి, నీవు సిద్ధమేనా యని అడుగుము. సొమ్ము సిద్ధమైనదని మాత్రము ఆయనతో ముందుగా చెప్పకుము.” వాడు కొంత చిన్నబుచ్చుకొనెను. పదిదినములకు ఫోను చేసి, ఎదురుగాలిలో దిగుట కుదిరినది గాని అడ్డగాలిలో ఇంకను కుదురలేదని, 150 గంటల పిమ్మట చూతమని ఆయన అన్నట్లు చెప్పెను. ఆ మాట దాచక చెప్పినందుకు మాకు సంతోషము కలిగినది.

సొమ్ము బ్యాంకులో వాని పేరనే యున్నది. పొలము తాకట్టు పడలేదు. వాడు ఇప్పుడు 130 గంటలు దాటి ఒంటి ఇంజను మీదనే యున్నాడు. వానితో చేరిన ఇరువురు ముందే రెండవ ఇంజనుకు పోయిరట. తమ్ముడు మాత్రము, పిల్లవానికి మేము అడ్డుపడితిమని, ఉగాదికి మా ఇంటికి రాలేదు.