వద్దనే వీలులేని బహుమానం

గత ఏడాది ఒక ఆదివారం, పూజ ముగిశాక, నేనొక అబద్ధమాడాను. అదీ పూజావస్త్రాలు ఇంకా పూర్తిగా విప్పకముందే. “మాస్టారూ, ఒక్క నిమిషం ఆగుతారా? విచారణ లెక్కల పుస్తకంలో ఏదో తేడా వస్తోంది, మీరొకసారి చూడాలి” అన్నాను. తేడా ఏమీ లేదు. ముప్పయ్యేళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పిన మనిషి గనుక ఆ మాట వింటే ఇంటికి కదలరని నాకు తెలుసు. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని కూర్చున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

పది నిమిషాలకు ఆయన కుమారుడు కొత్త కారుతో గుడి ఆవరణలోకి వచ్చాడు. ఆ రోజుకు మాస్టారికి అరవై అయిదేళ్లు నిండాయి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఆ అబ్బాయి నెల ముందే నాకు ఫోను చేసి, ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకొని ఈ ఏర్పాటంతా చేశాడు. మాస్టారిని బయటికి తీసుకువచ్చాను. ఎర్ర రిబ్బను కట్టిన తెల్ల కారు. అబ్బాయి తాళం చెవులు తండ్రి చేతిలో పెట్టి పాదాలకు వంగాడు. నేను తీర్థజలం చల్లి ప్రార్థన చెప్పాను. యువజనులు చప్పట్లు కొట్టారు. మాస్టారి కళ్లవెంట నీళ్లు. ఆ ఫొటో చాలామంది ఫోన్లలో తిరిగింది. అందులో నేనూ ఉన్నాను, అందరికన్నా ఎక్కువగా నవ్వుతూ.

నాలుగు నెలల తరువాత ఒక సాయంత్రం మాస్టారు నా దగ్గరికి వచ్చారు, తన పాత మోపెడ్ మీద. కారు ఏదండీ అని అడిగాను. “పట్టా కప్పి ఉంచాను ఫాదర్ గారూ. దాని కింద కోడి పొదుగుతోంది” అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆయన చెప్పినదాన్ని కుదించి రాస్తాను. ఆయనకు కారు నడపడం రాదు. నలభై దాటినవారు లైసెన్సు కోసం డాక్టరు సర్టిఫికెట్టు కూడా పెట్టాలి. అదీ తెచ్చుకున్నారు. డ్రైవింగ్ స్కూలుకు వారం రోజులు వెళ్లారు. ఎదురుగా లారీ వస్తే చేతులు వణికాయి, మానేశారు. డ్రైవరును పిలిస్తే పిలిచినప్పుడల్లా డబ్బు. ఇంటిముందు మల్లెపందిరి తీసేస్తేగాని బండి పట్టలేదు. పెళ్లిళ్లకు బంధువులు అడుగుతారు. ఇస్తే భయం, ఇవ్వకపోతే మాట. ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. ఆయన మనసులో గుచ్చుకున్నవి వేరే ఉన్నాయి.

ఆ కారు అప్పు మీద కొన్నది. ఏడేళ్ల వాయిదాలు. మాస్టారు సర్వీసంతటిలో కూతురి పెళ్లికి తప్ప అప్పు చేయలేదు. “నేను ఎక్కని బండికి వాడు నెలనెలా కడుతున్నాడు ఫాదర్ గారూ” అన్నారు. తరువాత కొంచెంసేపు ఊరుకొని, నేను ఊహించని మాట ఒకటి అన్నారు. “మోపెడ్ మీద పోతుంటే దారిలో ఎవరో ఒకరు ఆపుతారు. పిల్లవాడికి ఏ కాలేజీ మంచిదని ఒకరు, పింఛను కాగితం చదివి పెట్టమని ఒకరు. కారును ఎవరు ఆపుతారు?”

“మరి అబ్బాయితో చెప్పకపోయారా?”

“ఏమని చెప్పను? అంతమందిలో చెయ్యి చాచి తీసుకున్నాను గదా. మీరూ ఉన్నారు గదా.”

ఆ చివరి మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. ఆయన ‘వద్దు’ అనగలిగిన ఒకే ఒక్క క్షణాన్ని ఆయనకు దక్కకుండా చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. లెక్కల పుస్తకం ముందు కూర్చోబెట్టింది నేనే.

బహుమానం ఇవ్వడం మంచిపని అని అందరం ఒప్పుకుంటాం. కాని వద్దనే వీలులేకుండా ఇచ్చినది బహుమానమవుతుందా? ఈ ప్రశ్న వేసుకోవడానికి తత్త్వశాస్త్రం చదివి ఉండనక్కరలేదు. పొలమో ఇంటి స్థలమో బిడ్డల పేర రాసినవారికి ఇది తెలుసు. దఖలు దస్తావేజులో ఇచ్చేవారు ఇచ్చినట్టే కాక, పుచ్చుకునేవారు అంగీకరించినట్టు కూడా రాయిస్తారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షను ప్రకారం దానం పూర్తి కావాలంటే పుచ్చుకునేవారు దానిని స్వీకరించాలి, అదీ ఇచ్చేవారు బ్రతికి ఉండగానే. అంటే దానానికి రెండు చేతులు కావాలని చట్టానికి కూడా తెలుసు.

ఇందులో ఇంకొక చమత్కారం ఉంది. మాస్టారు ఒకరోజు కారు కాగితాలు చూస్తే ఆర్.సి.లో ఉన్నది కొడుకు పేరు, పక్కనే అప్పిచ్చిన బ్యాంకు పేరు. అబ్బాయి తప్పేమీ లేదు. తండ్రి పేర రిజిస్టరు చేయించాలంటే తండ్రి సంతకాలు, ఆధారాలు కావాలి. అవి అడిగితే రహస్యం బయటపడుతుంది. రహస్యం నిలవాలంటే బండి తనపేరే పెట్టుకోవాలి. కాబట్టి ఆ ఆదివారం మాస్టారి చేతికి వచ్చినవి తాళం చెవులు మాత్రమే. సొంతం చేయడంకన్నా ఆశ్చర్యపరచడమే ముందుకు వచ్చింది.

అబ్బాయి పక్షం కూడా వినాలి. నేను ఫోను చేశాను, మాస్టారు చెప్పినవేవీ చెప్పకుండా, కారు ఎలా ఉందంటున్నారు నాన్నగారు అని మాత్రం అడిగాను. మాటల్లో మాటగా, ముందే ఒక మాట అడిగి ఉండవలసింది నాయనా అన్నాను. “అడిగితే వద్దంటారని మీకు తెలీదా ఫాదర్?” అన్నాడు. నిజమే. మన ఇళ్లలో పెద్దవాళ్ల ‘వద్దు’కు అర్థాలు చాలా. ఖర్చెందుకని వద్దు, అడిగినందుకే చాలని వద్దు, ఇంకొకసారి అడుగుతావేమోనని వద్దు, నిజంగానే వద్దు. భోజనం దగ్గర ‘చాలు చాలు’ అంటూనే విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టని అతిథిని ఎవరు ఎరగరు? ఆ వద్దులన్నిటినీ దాటడానికి చెప్పకుండా తెచ్చి ఇవ్వడమే దారి అని పిల్లలు అనుకుంటే వాళ్లను తప్పుపట్టలేం.

మొదటి శతాబ్దపు రోము తత్త్వవేత్త సెనెకా ఉపకారాలను గురించి ఏడు భాగాల గ్రంథం రాశాడు. సెమినరీలో చదివేటప్పుడు అంత విసుగ్గా తోచిన పుస్తకం నాకు ఇంకొకటి లేదు. ఇప్పుడు తీసి చూస్తే ప్రతి పేజీలో ఏదో ఒక ఇల్లు కనబడుతోంది. అడిగించుకొని ఇచ్చేదానికన్నా అడగకముందే ఇచ్చేది మేలంటాడాయన. అడగడంలో ఉన్న సిగ్గు నుంచి అవతలి మనిషిని తప్పించినట్టవుతుందని. ఇది అబ్బాయికి అనుకూలమైన మాటే. అయితే అడగకముందే ఇవ్వాలంటే అవతలివారి అవసరం మన కంటికి కనబడి ఉండాలి గదా.

మా విచారణలోనే ఒక తల్లి రోట్లో పిండి రుబ్బేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకోవడం కొడుకు చూశాడు. అతను ఆటో నడుపుతాడు. ఏమీ చెప్పకుండా గ్రైండరు తెచ్చి వంటింట్లో పెట్టాడు. ఆమె ఆ రోజంతా తిట్టింది. మూడవరోజు పప్పు నానబోసింది. ఇష్టం లేకపోతే దాన్ని అటకెక్కించే వీలూ ఆమెకు ఉంది. చీర నచ్చకపోతే పెట్టెలో దాస్తాం, శాలువా ఇంకొకరికి కప్పుతాం. కారును ఏ పెట్టెలో దాస్తాం? అది రోజూ కనబడుతుంది. పెట్రోలు అడుగుతుంది, ఇన్సూరెన్సు అడుగుతుంది, కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. బహుమానం పెద్దదయ్యేకొద్దీ దానిని పక్కన పెట్టే స్వేచ్ఛ చిన్నదవుతుంది. అందుకే గ్రైండరుకు అడగకపోయినా చెల్లుతుంది, కారుకు చెల్లదు. డబ్బు ఎక్కువ తక్కువలతోపాటు, ఆ వస్తువు వచ్చాక మనిషి తన బ్రతుకును ఎంతమేరకు మార్చుకోవలసి వస్తుందన్నది కూడా చూడాలి.

ఆ ఫోనులోనే అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. తాను అయిదో తరగతిలో ఉండగా వర్షంలో ముగ్గురూ మోపెడ్ మీద వస్తున్నారట. వెనుకనుంచి వచ్చిన కారు ఒకటి బురదనీళ్లు చిమ్మి పోయింది. అమ్మ కొత్తచీర పాడయింది. నాన్న ఏమీ అనలేదు, బండి ఆపి అమ్మ కొంగు పిండి మళ్లీ స్టార్టు చేశాడు. “ఆ రోజే అనుకున్నాను ఫాదర్” అన్నాడు. అతని గొంతు మారింది. నాకూ మాట రాలేదు. ఆ కారు వెనుక ఆడంబరం ఉందేమోనని నేను లోలోపల అనుకున్న మాట వాస్తవం. ఆడంబరం కాదు అది. తడిసిన ఒక పిల్లవాడు తనకు తాను చేసుకున్న ప్రమాణం. అతనికి కావలసిన కారు అది. మాస్టారికి ఆ వర్షం జ్ఞాపకమైనా ఉందో లేదో!

ఉపకారం చేసినవాడికి, పొందినవాడి మీద ఉండే ప్రేమ, పొందినవాడికి చేసినవాడి మీద ఉండే ప్రేమకన్నా ఎక్కువని అరిస్టాటిల్ గమనించాడు. శిల్పి తాను చెక్కిన బొమ్మను ప్రేమించినట్టట. మనం ఇచ్చినదానిలో మనల్ని మనం చూసుకుంటాం. తప్పని అనను, మనుషులం. కాని పుచ్చుకునేవాడు బొమ్మ కాదు. తన ఇష్టాయిష్టాలూ తన దారీ ఉన్న మనిషి.

ఇక బహుమానంతో వచ్చే బరువు సంగతి. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో బహుమతిని గురించి ప్రసిద్ధమైన వ్యాసం ఒకటి ప్రచురించాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం, మూడూ సమాజంలో తప్పించుకోలేని బాధ్యతలేనని అందులో చూపాడు. పెళ్లిపందిట్లో నోటుబుక్కు పట్టుకొని చదివింపులు రాసే మనిషిని చూసినవారికి ఇది కొత్త విషయమేమీ కాదు. 2021లో నా గురుపట్ట రజతోత్సవానికి అప్పటి విచారణవారు నాకు మోటారుసైకిలు ఇచ్చారు. నాకూ ముందు తెలియదు, వేదిక మీద తాళం ఇచ్చారు. అందులో సగానికిపైగా ఒకే పెద్దమనిషి వేసుకున్నారని తరువాత తెలిసింది. మరుసటి ఏడాది ఆయన నన్నొక పని అడిగారు. న్యాయమైన పని కాదు. చేయనన్నాను. కాని ఆ మాట అనడానికి నాకు మూడు రోజులు పట్టింది. బండి లేకపోతే మూడు నిమిషాలు పట్టేది. ఆయన దురుద్దేశంతో ఇచ్చారని నేను అనడం లేదు. బరువు మాత్రం ఉంది.

పునీత తోమాసు అక్వినాసు గారు నిజమైన దానాన్ని తిరిగి రావాలనే ఆశ లేని ఇవ్వడంగా చెప్పి, మనం ఎవరికైనా మొదట ఇచ్చేది ప్రేమేనని, మిగిలినవన్నీ ఆ ప్రేమ వెంట వచ్చేవేనని అంటారు. ప్రేమ ముందు వచ్చినచోట ఒక మాట అడగడం ఎందుకు కష్టం కావాలి? మంగళవార్త పండుగనాడు మనం ధ్యానించే ఘట్టం గుర్తుకు తెచ్చుకోండి. లోకానికి వచ్చిన అన్నిటికన్నా గొప్ప వరం నజరేతులోని ఒక కన్య దగ్గరికి కబురుగా వచ్చింది. గబ్రియేలు దూత చెప్పాడు. ఆమె కలతపడింది, ప్రశ్న అడిగింది, దూత జవాబిచ్చాడు. ఆమె సరేనన్న తరువాతనే వెళ్లాడు. ఆమె జవాబు కోసం లోకమంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూసినట్టు పన్నెండవ శతాబ్దంలో పునీత బెర్నార్డు గారు తన ప్రసంగంలో ఊహించారు. అంతటి దేవుడు ఆగాడు. మనకు షోరూములో డెలివరీ తేదీ దాటిపోతుందని తొందర.

మాస్టారు ఆ సాయంత్రం వెళ్లబోతూ, అబ్బాయికి మీరే నెమ్మదిగా చెప్పండి ఫాదర్ గారూ అన్నారు. చెప్పనన్నాను. మీ ఇంటికోసం ఇప్పటికే ఒక అబద్ధం ఆడాను, ఇంకా మీ ఇద్దరి మధ్య నిలబడలేను, మీరే చెప్పాలి అన్నాను. ఆయన తల ఊపి వెళ్లారు. చెబుతారని నాకు నమ్మకం కలగలేదు.

ఈ ఫిబ్రవరిలో అబ్బాయి సెలవు పెట్టుకొని వచ్చి తల్లిదండ్రులను గుణదల మాత మహోత్సవానికి ఆ కారులోనే తీసుకువెళ్లాడు. తండ్రి ముందుసీట్లో కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో టీ కోసం ఆగినచోట మాస్టారు నోరు తెరిచారట. ముందు వర్షం సంగతి కొడుకు చెప్పాడట, ఆ తరువాత మోపెడ్ సంగతి ఈయన చెప్పారట. టీ చల్లారిపోయిందని మాస్టారి భార్య నాతో అన్నారు. కారు అమ్మి అప్పు తీర్చేయమని ఆయన అడిగారు. అబ్బాయి కాదనలేదు, ఔననలేదు. ఆలోచించుకుంటానన్నాడు. ఆలోచించుకోమన్నారు ఈయన కూడా. ఇది రాసే రోజుకు కారు ఇంకా పట్టా కిందే ఉంది.