పిల్లి పిల్లా, కోతి పిల్లా

డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్ళకి నాచుమొక్కల ప్రాక్టికల్. కాలేజీ వెనక పాడుబడ్డ బావి గోడ మీంచి పొద్దున్నే గీరి తెచ్చిన ఫ్యునేరియా. దాని ఆకు మందం, నడి ఈనె వదిలేస్తే, ఒకే ఒక్క కణం. కోయక్కర్లేదు. నీటిచుక్కలో పెట్టి చూస్తే పచ్చటి బిళ్ళలు, అంటే హరితరేణువులు, వేలితో లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తాయి. కొన్ని గుండ్రంగా ఉంటాయి. కొన్నిటికి నడుము సన్నబడి ఉంటుంది, ఢమరుకంలా. (ఆ పోలికకే మా తాతగారు మొహం చిట్లించేవారు. మాది పన్నెండు నామాల ఇల్లు.)

వెనక బల్ల కుర్రాడొకడు తల ఎత్తి అడిగాడు. "మేడమ్, అది తనంతట తను తెగుతోందా, కణం తెంపుతోందా?"

"రికార్డులో బొమ్మ వెయ్యి, టైమైపోతోంది" అన్నాను.

నిజానికి ఆ ప్రశ్న చిన్నప్పటి నుంచీ వింటున్నదే. నెల్లూరులో మా ఇంటి అరుగు మీద తాతగారికీ ఆయన వియ్యంకుడికీ ఏటా ఎండాకాలం అదే తగువు. వైష్ణవుల్లో ఈయన తెంగలై శాఖ, ఆయన వడగలై శాఖ. ఇద్దరికీ రామానుజులే గురువు. 13, 14 శతాబ్దాల్లో పిళ్ళై లోకాచార్యుల దారి ఒకటి, వేదాంత దేశికుల దారి ఒకటి అయ్యాయి. కోతిపిల్ల తల్లి పొట్టని తనే గట్టిగా కరుచుకుంటుంది. పిల్లి పిల్ల ఊరికే ఉంటుంది, తల్లే నోట కరుచుకుని పోతుంది. శరణన్న జీవుడు ఏ పిల్ల? వడగలై వాళ్ళు కోతిపిల్ల అన్నారు, తెంగలై వాళ్ళు పిల్లి పిల్ల అన్నారు. కంచి వరదరాజస్వామి గుడిలో ఈ రెండు వర్గాల తగాదా కోర్టులకెక్కింది. మా అరుగు మీద మజ్జిగ గ్లాసుల దగ్గరే ఆగేది.

"బావగారూ, మీ జీవుడికి చేతుల్లేవా?"

"ఉన్నాయండీ బావగారూ. అడ్డం రాకుండా ముడుచుకుని కూర్చుంటాడు."

గడప లోపల బియ్యం ఏరుకుంటూ మామ్మ అనేది: "పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది. ఏ ఇంటికి పోదామని ఎప్పుడైనా పిల్లనడిగిందా?"

హరితరేణువుని కణం కొత్తగా తయారు చేసుకోలేదు. ఉన్నది రెండుగా తెగితేనే ఇంకొకటి. 1883లో షింపర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ మాట చెబుతూ, ఇది ఒకప్పుడు వేరే జీవి అయ్యుంటుందని కూడా అనుమానపడ్డాడు. 1905లో రష్యాలో మెరెష్కోవ్‌స్కీ ఆ మాటే గట్టిగా అన్నాడు. ఇప్పుడు ఎవరికీ సందేహం లేదు. వంద కోట్ల ఏళ్ళకి పైబడిన రోజుల్లో ఒక కణం ఒక సయనోబాక్టీరియాని మింగింది, అరిగించుకోలేదు.

మామూలుగా బాక్టీరియా తెగాలంటే ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రోటీన్ లోపల నడుము చుట్టూ ఉంగరంలా చేరాలి. లంగా మడతలో బొందులా లోపల ఉండి బిగుస్తుంది. 1995లో ఓస్టెరియంగ్, వీర్లింగ్ అనే ఇద్దరు ఈ ప్రోటీన్ జన్యువుని ఆవాల కుటుంబపు చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో పట్టుకున్నారు. మింగబడ్డవాడు తన పనిముట్టు వదల్లేదన్నమాట. వియ్యంకుడుగారు గెలిచారు.

2003లో బయటి ఉంగరం సంగతి తేలింది. సంచి మూతికి చుట్టిన పురికొసలా బయట నుంచి బిగిసే డైనమిన్ అనే ప్రోటీన్. ఇది మింగినవాడి సొత్తు. ఇది పాడైన మొక్కలో రేణువులు నడుము దాకా సన్నబడి, తెగలేక అలాగే ఆగిపోతాయి. మరి లోపలి ఉంగరం నిలవడానికి కావలసిన ఆర్క్-6 అనే ప్రోటీన్ పాడైతే? ఆకు కణంలో వందకి అటూ ఇటూ ఉండాల్సిన రేణువులు ఒకటో రెండో అవుతాయి, కణమంతా ఆక్రమించిన గుమ్మడికాయల్లా. మొక్క మాత్రం దాదాపు మామూలుగానే పూస్తుంది, కాస్తుంది.

ఈ ఆర్క్-6 కూడా బాక్టీరియా వంశానిదే. అది రేణువు లోపలి పొరలో ఉంటుంది. బయటి పొరలో పీడీవీ-2, మొక్కల సొంతది. రెండు పొరల సందులోకి చెరో చేయీ చాచి పట్టుకుంటాయి. ఆ పట్టు కుదిరితేనే డైనమిన్ సరిగ్గా వచ్చి చేరుతుంది. ఇక్కడ ఆగి "ఇద్దరిదీ నిజమే" అనేసి మజ్జిగ తాగొచ్చు. నేను చాలా ఏళ్ళు క్లాసులో అలాగే అనేశాను.

కానీ ఎఫ్‌టీఎస్‌జెడ్ జన్యువు ఇప్పుడు రేణువులో లేదు, కణకేంద్రకంలో ఉంది. ఆర్క్-6దీ అంతే. సయనోబాక్టీరియాకి వేలల్లో జన్యువులుంటాయి. హరితరేణువుకి మిగిలినవి నూరు పైచిలుకు. లోపలి ఉంగరం ప్రోటీన్ బయట, మింగినవాడి వంటింట్లో వండి, పొరలు దాటించి లోపలికి అందిస్తారు. కోతిపిల్ల కరుచుకున్న మాట నిజమే, ఆ చేతులు మాత్రం రోజూ తల్లి ఇస్తేనే వస్తాయి. ఆ అరుగు మీది పెద్దలిద్దరూ, ఇంత వాదించీ, చేతులు పిల్లవేనని మాత్రం ముందే ఒప్పేసుకున్నారు.

మన పెద్దలు ఇదంతా ఎప్పుడో చెప్పారనే రకం కాదు నేను. చెప్పలేదు. వాళ్ళ గొడవ జీవుడి గురించి, బురదనీటి బాక్టీరియా గురించి కాదు. పైగా ఇక్కడ మొదట జరిగింది శరణాగతి కాదు, భోజనం. అయినా ఈ ఉంగరాల బొమ్మ బోర్డు మీద వేసిన ప్రతిసారీ అరుగే గుర్తొచ్చేది.

పూర్తిగా పిల్లి పిల్ల అయినవాడూ ఒకడున్నాడు. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో చూసిన మలేరియా క్రిమికి ఒక ప్లాస్టిడ్, అంటే హరితరేణువు తరహా రేణువు, ఉంది, ఎర్ర శైవలాల వంశానిది. దానికి లోపలి ఉంగరం లేదు, ఎప్పుడో పోయింది. దాని బంధువు టాక్సోప్లాస్మాలో ఈ ప్లాస్టిడ్‌ని తెంపే పని డైనమిన్‌దేనని 2009లో చూపించారు. తాతగారు చెప్పిన జీవుడి కంటే ఒక మెట్టు పైనే: ముడుచుకోడానికి చేతులే లేవు, అడ్డం రావడం లేదు, తిప్పిన ఇంటికల్లా వెళ్తున్నాడు. రంగు కూడా లేదు. ఎండతో పని లేదు.

రిటైరయ్యాక పాత సామాను వేలంలో అద్దం మైక్రోస్కోప్ ఒకటి కొనుక్కున్నాను. పోయిన వానాకాలం మళ్ళీ నాచు గీరి తెచ్చి, కిటికీ దగ్గర పెట్టుకుని, నడుము సన్నబడ్డ ఒక బిళ్ళనే వెలుతురు తగ్గేదాకా చూశాను. తెగలేదు. అంత సన్నటి చోట లోపల ఒకటీ బయట ఒకటీ ఉన్నాయని నాకు తెలుసు. ఆ అద్దంలో కనిపించింది ఒక్క నడుమే.