కౌలు భూమికి విశ్రాంతి ఎవరు ఇవ్వవలెను?

ఉగాది దగ్గరపడగానే మన గ్రామములలో కౌలు మాటలు మొదలగును. ఎకరమునకు ఎంత అనునదే మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న. ఆ నేల నిరుడు ఏ పైరు మోసినది, ఈ యేడు ఏది మోయగలదు అని అడుగువారు అరుదు. లేవీయకాండము 25వ అధ్యాయము ఏడవ యేట భూమికి విశ్రాంతి నియమించినది. ఒక్క యేటికే పొలము పుచ్చుకొన్నవానికి ఏడవ యేడు ఎక్కడిది? నేలను పీల్చి పిప్పిచేసిన దోషము అతనిదేనా?

అతని ఒక్కనిదే అనుటకు మేము ఒప్పుకొనము.

పల్నాటి నల్లరేగడిలో ప్రత్తి మీద ప్రత్తి వేయు కౌలు రైతును చూడుడి. పంట మార్చవలెనని అతడు ఎరుగడా? జొన్నలో కంది సాళ్లు వేయుట మన తాతల నాటి పద్ధతియే. కంది వేరు లోతునకు దిగును. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకిచ్చును. రాలిన ఆకు నేలకు బలమగును. జనుము చల్లి పూత దశలో కలియదున్నినను మేలే. అయితే జనుము నెలన్నర పొలములో నిలువవలెను, ఆ నెలన్నరకును కౌలు తప్పదు. పశువుల ఎరువు సారమంతయు మొదటి పైరుకే అందదు, రెండు మూడేండ్లు మెల్లగా దిగును. చెరువు మట్టియు అట్టిదే. బండి కూలి ఇచ్చి తోలినవాడొకడు, ఫలము తినువాడు మరియొకడు. యూరియా బస్తా ఫలము ఆ పైరులోనే తేలును గనుక అతడు బస్తా కొనును. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము సహా 11 నెలల ఒప్పందమునే చూచినది.

కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది దినముల ముందు చేనిలోనే మినుము చల్లుదురు. మిగిలిన పదునుతోనే అది పండును. అక్కడి కౌలు రైతు దానిని విడువడు. నేలకు మేలు చేయు పైరు ఆ యేటనే తన చేతికి గింజలిచ్చుచున్నది గదా!

నిర్గమకాండము 23:11 చూచినచో, బీడు విడిచిన యేట పండినది బీదలు తినుటకే. విశ్రాంతి నాడు బీదవానికి ఆహారమైనది. నేడు దాని ఖర్చు బీదవాని నెత్తిన పడుచున్నది. సొంతదారుడును దేవుని యెదుట పరవాసియేయని లేవీయకాండము 25:23 తెలుపును. తనకు కలిగిన గడువులో కొంత అతడు కౌలు రైతునకు ఇయ్యలేడా? మూడేండ్ల మాట ఇచ్చి, అందులో ఒక కారు అపరాలకో పచ్చిరొట్టకో విడిచి, ఆ మేరకు కౌలు తగ్గించవచ్చును. (కానుకల పళ్లెములో ధారాళముగా వేయు చేయియే కౌలు దగ్గర బిగిసిపోవుట మనము చూడనిది కాదు.) మూడేండ్లిచ్చిన పొలము తిరిగి రాదేమోయను భయము ఊరక పుట్టినది కాదు. కాగితము యేటికేడు వ్రాసికొన్నను, అదే మనిషికి మరల ఇత్తుమని పెద్దల యెదుట మాట ఇయ్యవచ్చును.

మరి ఎకరము కౌలు మీదనే బ్రదుకు విధవరాలి సంగతి ఏమి? ఆమెను తగ్గించుకొమ్మనుటకు మాకు నోరు రాదు. ఆమె పొలములో జనుము చల్లిన యేట తగ్గిన కౌలును ఎవరు భరింతురో, పెద్ద కమతములు గల సహోదరులు ఈ ఉగాదికి ముందే కూర్చుండి మాటలాడవలెను.