కొత్త రింగు, పాత బోరు

నీలం పొగ కొడుతున్న వంద సీసీ బండిని వాకిట్లో పాత పేపరు పరిచి విప్పేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. హెడ్డు తీసి, బ్లాకు పైకి లాగి, పిస్టన్‌కున్న అరిగిన రింగులు మార్చి మళ్లీ బిగిస్తారు. ఆ తర్వాత స్టార్టయ్యేది పాత బండేనా? క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో మన దేశపు వాయవ్యాన్ని ఏలిన గ్రీకు రాజు మిళిందుణ్ణి నాగసేన భిక్షువు దాదాపు ఇదే అడిగాడు. నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా? ఏదీ కాదు. రథమన్నది ఆ కూర్పును పిలుచుకునే పేరు. మనిషీ అంతే అని తేల్చాడు.

ఆ మాట ఆగి ఉన్న రథానికి సరిపోతుంది. పరుగెత్తిన రథానికి అరుగుదల ఉంటుంది, అది పేరుతో పుట్టేది కాదు. ఇంజిన్ 6000 ఆర్‌పీఎం మీద ఉంటే పిస్టన్ బ్లాకులోని బోరులో సెకనుకు నూరుసార్లు పైకెళ్లి కిందికి వస్తుంది. రింగు బోరునీ, బోరు రింగునీ ఒరుసుకుంటూనే ఉంటాయి. ఆ అరుగుదలా సమంగా ఉండదు. పై రింగు వెనక్కి తిరిగేచోట ఎక్కువ. బాగా అరిగిన బోరులో వేలు పెడితే అక్కడ గోటికి అంచు తగులుతుంది. అందుకే పని తెలిసినవాడు కొత్త రింగును ముందు ఒంటిగా బోరులోకి దించి, వాలకుండా పిస్టన్‌తో నెట్టి, దాని రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టి చూస్తాడు. సరైన కొత్త రింగే అయినా సందు మితిమీరిందంటే అరిగింది బోరు. బోరు కొట్టించి 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్ వేయాల్సిందే. ఒక భాగం గతం ఇంకో భాగంలో కొలతగా మిగిలిందన్నమాట. ఉత్త పేరుకి గతం ఎక్కడిది?

అలాగైతే భాగాలకు వేరుగా బండి అనే ఒక పదార్థం ఉన్నట్టేగా అని వైశేషికులు అడుగుతారు. వాళ్ల అవయవి అదే. కానీ ఒక అవయవం పోతే పాత అవయవి నశించి కొత్తది పుడుతుందని కూడా వాళ్లే ఒప్పుకోవాలి. రింగు మార్చినప్పుడల్లా బండి చచ్చి పుడుతుందంటే నా మనసు ఒప్పదు. జీర్ణవస్త్రాల గీతాశ్లోకాన్ని ఇక్కడికి లాగడమూ పొరపాటే. అక్కడ బట్టలు చినుగుతాయి గాని కట్టుకున్నవాడు అరగడు. ఇంజిన్‌లో అరగకుండా కూర్చున్నవాడెవడూ లేడు. నాకు దగ్గరగా తోచేది నాగార్జునుడి మాట, సంప్రదాయం మన శ్రీపర్వతంతో ముడిపెట్టిన ఆచార్యుడిది. రథమూ కుండా బట్టా స్వభావశూన్యాలే, ఒకదాన్నొకటి ఆనుకుని ఏర్పడ్డవే, అయినా తమ పని తాము చేస్తాయని ఆయన విగ్రహవ్యావర్తనిలో వాదించాడు. ఆనుకోవడమే బండి అయితే అరుగుదల ఆ ఆనుకోవడం వేసిన ముద్ర.

గట్టి ఆక్షేపణ ఒకటుంది: ఇరవయ్యేళ్లలో అన్ని భాగాలూ మారిపోతే? ఆర్‌సీలో ఛాసిస్ నెంబరు ఉందనడం రవాణా శాఖకు చాలు, మనకు చాలదు. నేను కాలాన్ని చూడమంటాను. బోరు గోడ మీది సన్నటి హోనింగ్ గీతల మీద కొత్త రింగు మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడవాలి. అప్పుడుగాని బోరుకు కుదురుకోదు. బిగించిన రోజు అది ఈ బండిలో ఉంది, ఈ బండిది ఇంకా కాలేదు. ఒక్కొక్కటే వచ్చి ఇలా కుదురుకుంటే బండి అదే. ఒక్క రాత్రిలో అన్నీ మారిస్తే నెంబరు ప్లేటు ఏం చెప్పినా అది వేరే బండి. మరి గీత ఎన్నో భాగం దగ్గర గీస్తారంటే గీయలేను. కాయ ఏ గడియలో పండైందో కూడా ఎవరూ చెప్పలేరు, అయినా కాయ వేరు, పండు వేరు. తీసి పేపరు మీద పెట్టిన పాత రింగును వెలుతురులో తిప్పితే బయటి అంచు అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు ఆ ఒక్క బోరు చేసింది. అదే సైజు బోరున్న ఇంకో బండిలో వేస్తే కంప్రెషన్ సరిగా నిలవదు.