రెండో బాణం

ఊళ్లో దెబ్బలు తిని, కోర్టు చుట్టూ తిరుగుతున్న మనవాళ్లకు "ఓర్చుకో, అదే ధమ్మం" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ధమ్మం చెప్పింది అదేనా?

సంయుత్త నికాయంలోని సల్ల సుత్తంలో బుద్ధుడు రెండు బాణాల ఉపమానం చెప్పాడు. మొదటిది ఒంటికి తగిలే నొప్పి. రెండోది ఆ నొప్పికి కుమిలిపోయే మనసు తెచ్చుకునే బాధ. తప్పించుకునే దారి తెలియనివాడు భోగంలో ఉపశమనం వెతుక్కుంటాడని కూడా ఆ సుత్తంలోనే ఉంది. మన వాడల్లో చాలామందికి ఆ భోగం తాగుడే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననే మాట కూడా ఉంది.

అయితే దెబ్బ కొట్టిన చేతిని మన ధ్యానం ఆపదు. అందుకు 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, మన ఐక్యత ఉంది. కానీ కేసు ఏళ్ల తరబడి సాగవచ్చు. ప్రతి వాయిదాకూ నిద్ర చెడగొట్టుకుని, ఇంట్లోవాళ్లను కసురుకుంటూ పోతే చివరికి అలసిపోయి రాజీపడేది మనమే.

అందుకే రోజూ కాసేపు శ్వాసను గమనిద్దాం. వేళకు తిని పడుకుందాం. బాధను విహారంలో నలుగురితో చెప్పుకుందాం. ఇవన్నీ అన్యాయాన్ని మింగడానికి కాదు, తీర్పు వచ్చేదాకా సాక్ష్యం మీద నిలబడటానికి.